గోయా మంత్రగత్తెలు, మన బాణామతి

ఎందుకు చదవాలి?

పోటీ పరీక్షలో మూఢనమ్మకాల మీద ప్రశ్న వస్తే చాలామంది అభ్యర్థులు రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) రాసి ఆగిపోతారు. స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా (1746–1828) కూడా తెలిస్తే జవాబుకు బలం వస్తుంది. ఆయన మంత్రగత్తెల బొమ్మల్లో చూడాల్సింది మంత్రగత్తెలున్నారని నమ్మేవాళ్ల భయాన్ని.

లొగ్రోన్యో విచారణ

గోయా ఆ బొమ్మలు వేయడానికి దాదాపు రెండు వందల ఏళ్ల ముందు, 1610 నవంబరులో స్పెయిన్‌లోని లొగ్రోన్యో పట్టణంలో ఇంక్విజిషన్ అనే మతవిచారణ సంస్థ మంత్రగత్తెల కేసులో ఆరుగురిని సజీవంగా దహనం చేయించింది. ఆ కేసు విన్న ముగ్గురు న్యాయాధికారుల్లో ఒకడైన అలోన్సో దె సలజార్ ఫ్రియాస్‌కు అనుమానం తీరలేదు. 1611లో ఊరూరా తిరిగి విచారించాడు. నేరం ఒప్పుకున్నవాళ్లలో ఎక్కువమంది పిల్లలు. మంత్రపు లేపనాలంటూ తెచ్చినవాటిని పరీక్ష చేయిస్తే ఏ మహిమా కనబడలేదు. మంత్రగత్తెల గురించి చెప్పుకోవడం, రాయడం మొదలయ్యాకే వాళ్లు పుట్టుకొచ్చారని ఆయన తేల్చాడు. 1614లో ఇంక్విజిషన్ పెద్దలు ఇలాంటి కేసులకు కఠినమైన నిబంధనలు పెట్టారు. సాక్ష్యం అడిగిన ఒక్క అధికారి ఎంతమంది ప్రాణాలు కాపాడాడో!

గుర్తుంచుకోవాల్సిన చిత్రాలు

1797–98లో ఒసునా డ్యూక్ దంపతుల కోసం గోయా ఆరు చిత్రాలు వేశాడు. 'మంత్రగత్తెల సభ'లో కొమ్ములకు ఆకులు చుట్టుకున్న మేకపోతుకు ఆడవాళ్లు పసిబిడ్డలను అందిస్తుంటారు. నాకు ఎక్కువ నచ్చేది మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలోని మరొకటి. పొడవాటి టోపీల ముగ్గురు ఒక మనిషిని గాల్లోకి ఎత్తుకుపోతుంటారు. కింద ఒకడు నేలమీద పడి చెవులు మూసుకుంటాడు. ఇంకొకడు తలమీద గుడ్డ కప్పుకుని, దిష్టి తగలకుండా వేళ్ల మధ్య బొటనవేలు దూర్చి పరుగెడతాడు. పక్కనే గాడిద. కళ్లు, చెవులు మూసుకున్నవాళ్ల మీద ఇంతకన్నా సూటి విమర్శ ఉండదు.

1799 నాటి 'కాప్రిచోస్' 80 ముద్రణా చిత్రాల సంపుటి. అందులో 43వది నిద్రపోతున్న మనిషి చుట్టూ గుడ్లగూబలు, గబ్బిలాలు మూగిన ప్రసిద్ధ చిత్రం. 1819–23 మధ్య ఇంటి గోడల మీద వేసుకున్న 14 'నల్ల చిత్రాలు' ఇప్పుడు ప్రాడోలోనే ఉన్నాయి.

మన దగ్గర

అంతుచిక్కని జబ్బు, పశువు చావు, భూమి తగాదా: బాణామతి, చేతబడి ఆరోపణలు ఇలాంటి చోటే పుడతాయి. 2022 జనవరిలో తెలంగాణలోని జగిత్యాలలో మంత్రాల అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపారు. హైదరాబాద్ శివార్లలోని మోకిలలో లేచే కొత్త విల్లా గుమ్మానికి గుమ్మడికాయ కడితే ఎవరికీ నష్టం లేదు. వేలు ఒక మనిషి వైపు తిరిగినప్పుడే నమ్మకం నేరం దాకా పోతుంది.

చట్టం

51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రాథమిక విధి అంటుంది. 1976లో 42వ సవరణతో చేరింది. ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా, మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాల మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. వీటిలో ఒడిశా తప్ప మిగతా మూడూ పొరుగు రాష్ట్రాలే; అలాంటి చట్టం తెలంగాణకూ కావాలి. అప్పటిదాకా శంకర్‌పల్లిలోనో చేవెళ్లలోనో ఎవరినైనా మంత్రగాడని వేలెత్తి చూపిస్తే, గొడవ ముదరకముందే 112కు ఫోన్ చేయండి.