వేలిముద్రే మొదటి అచ్చు
(చేతితో గ్రీటింగు కార్డులు చేసే పద్ధతి)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే పాఠం వ్రాయమన్నారు. పరీక్షల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక మేము చేతిపని గురించి వ్రాస్తున్నాము.

మేము నల్లపాడు హాస్టల్లో ఉన్నప్పుడు ఒక డిసెంబరులో మా గదిలోని ఆరుగురం కాస్మెటిక్ ఛార్జీలు కూడబెట్టి ఒక స్టాంపు ప్యాడు, ఒక వాటర్ కలర్ పెట్టె, రెండు కుంచెలు కొన్నాం. కొత్త సంవత్సరానికి నలభై కార్డులు చేయాలని సంకల్పం. రబ్బరు ముక్క మీద మిరపకాయ చెక్కి, ఊదా సిరాతో అచ్చు వేసి, ఆరిందనుకుని లోపల ఎరుపు పూశాం. కుంచె తగలగానే గీత కరిగి కార్డంతా పారింది. మిరపకాయ కాస్తా వంకాయ అయింది! నలభై కార్డులూ అలాగే పోయాయి.

ఎందుకు పోయాయో తరువాత తెలిసింది. ఆఫీసు ప్యాడు సిరా సాధారణంగా నీటిలో కరిగే రంగు. ప్యాడు త్వరగా ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ వంటివి కలుపుతారు. పైకి పొడిగా కనిపించినా తడి తగిలితే మళ్లీ లేస్తుంది. అందుచేత అచ్చు ముందు వేసి రంగు తరువాత నింపాలంటే గీత నీటిని తట్టుకోవాలి. ఈ పనిలో అసలు కిటుకు ఇదొక్కటే.

పెద్ద పనివాళ్లు కూడా ఈ సంగతి చూసుకునే ముందుకు వెళతారు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దేవారు టేకు అచ్చులు వాడతారు. గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు వేరే అచ్చు. రంగు పట్టి నిలవాలని బట్టను ముందే కరక్కాయ నీళ్లలో నానబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి నల్లరంగు తీస్తారు. ఇంగ్లండులో 1843లో హెన్రీ కోల్ అనే ఆయన వేయించిన తొలి క్రిస్మస్ కార్డు కూడా ఇంతే. గీతలు రాతి అచ్చుతో, రంగులు చేత్తో. వెల ఒక షిల్లింగు. అప్పటి కూలివాళ్లు కొనగలిగేది కాదు లెండి.

మనకు టేకు అక్కరలేదు. పంక్చరు షాపులో పారేసే పాత సైకిలు ట్యూబు అడిగి తెచ్చుకోండి. కత్తెరతో బొమ్మ కత్తిరించి, అదే షాపు సొల్యూషన్‌తో చెక్కముక్కకు అంటిస్తే నెలల తరబడి పనికొచ్చే అచ్చు తయారు. పెన్సిలు రబ్బరు మీదైతే బ్లేడుతో సన్నని గీతలు కూడా చెక్కవచ్చును. అక్షరాలు మాత్రం తిరగేసి చెక్కాలి. మేము 'శుభాకాంక్షలు' తిన్నగా చెక్కి, చదవడానికి అద్దం పట్టుకోవలసి వచ్చింది. కాగితం మీద పెన్సిలుతో ఒత్తి వ్రాసి, దాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే అక్షరం దానంతటదే తిరగబడి పడుతుంది. బెండకాయను అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు ఉండనే ఉంది. దాని తడి గుడ్డతో అద్ది, కాసేపు ఆరనిచ్చి వాడాలి. మిరపకాయను కోసి అచ్చు వేద్దామనుకోకండి. మా మిత్రుడొకడు అలాగే చేసి, చేయి కడుక్కోకుండా కళ్లు నలుపుకున్నాడు.

సిరాకు బదులు బట్టల మీద వేసే ఫ్యాబ్రిక్ కలర్ వాడండి. స్పాంజి ముక్కతో అచ్చుకు పలచగా అద్ది ఒత్తితే, ఒక రాత్రి ఆరాక నీటికి చెదరదు. అచ్చును వెంటనే కడగాలి, లేకపోతే రంగు గట్టిపడి గీతలు పూడిపోతాయి. ప్యాడు తప్ప ఇంకేమీ లేదంటే వరస మార్చండి. ముందు రంగు వేసి, బాగా ఆరాక, పైన అచ్చు వేయండి. ఏది చేసినా ముందు ఒక చిత్తు కాగితం మీద అచ్చు వేసి తడికుంచె లాగి చూడండి.

ఇక రంగులు. వాటర్ కలర్ అంటే రంగుపొడి, తుమ్మజాతి చెట్ల జిగురు. పలచగా పూస్తే కింది కాగితం తెలుపు పైకి కనిపిస్తుంది. కనుక లేత రంగు ముందు, ముదురు తరువాత. మిరపకాయకు మొదట పసుపు పూసి, అది తడిగా ఉండగానే ఎరుపు తాకించండి. రెండూ వాటంతట అవే కలుస్తాయి. మధ్యలో సన్నని చార ఖాళీగా వదిలితే ఎండలో మెరిసే కాయలాగా ఉంటుంది. తొడిమ ఆకుపచ్చ మాత్రం కాయ పూర్తిగా ఆరాకే. తొందరపడితే రెండూ కలిసి బురద.

పత్తి మాకు చాలా రోజులు లొంగలేదు. తెల్లకాగితం మీద తెల్ల పత్తి ఎలా వేయాలి? తెల్లరంగు పూసి చూస్తే సున్నం కొట్టినట్లుంది. చివరికి పత్తిని అసలు వేయకుండా, దాని చుట్టూ లేతనీలం ఆకాశం పూశాం. కింద గోధుమరంగు డొక్కలు గీశాం. నడుమ మిగిలిన కాగితమే పత్తి అయింది. మా అమ్మ ఆ కార్డు చూసి, "ఇది తీయడానికొచ్చిన కాయే" అంది. అంతకు మించిన మార్కులు మాకు పీజీలో కూడా రాలేదు.

కాగితం పలచనిదైతే తడికి ముడతలు పడుతుంది. 200 జీఎస్‌ఎం డ్రాయింగు షీటు మంచిది. ఎ4 సైజు ముక్క మధ్యకు మడిస్తే ఒక కార్డు, బరువు పన్నెండున్నర గ్రాములు.

చివరగా ఒక మాట. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదట. మొదటి ఏడు మేము పంపిన కార్డును మా నాన్న పోస్టుమాను చేత చదివించుకున్నాడు. హాస్టలు దరఖాస్తు మీద మా కోసం వేలిముద్ర వేసినరోజు ఆయన ఎవరివైపూ చూడకుండా, బొటనవేలి సిరాను తలకు రాసుకుని తుడుచుకోవడం మాకింకా గుర్తుంది. మరుసటి సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ప్యాడు కూడా తీసుకువెళ్లాం. "మళ్లీ దేని మీద వేయాలిరా?" అన్నాడు. ఏటవాలుగా అయిదుసార్లు ఒత్తించి, ఒక్కొక్క ముద్రకు ముచ్చిక, తొడిమ గీశాం. అయిదు మిరపకాయలు! ఆయన మళ్లీ వేలు చాపి, "కల్లం నిండా వేద్దాం" అన్నాడు. ఆ పూట షీట్లన్నీ అయిపోయాయి.

మన వార్షికోత్సవానికి అమ్మానాన్నలు వస్తారు కదా, ఒక బల్ల మీద షీట్లు, రంగు సిద్ధంగా పెట్టండి. ప్యాడు సిరా మాత్రం వద్దు. నీళ్లకే కాదు, వెలుతురుకు కూడా అది ఆగదు. మా ఇంటి గోడ మీది మిరపకాయలు ఇప్పుడు దాదాపు వెలిసిపోయాయి. ఈ సంక్రాంతికి ఫ్యాబ్రిక్ కలర్‌తో మళ్లీ వేయించాలి.