బెంగ

గత జూన్ మాసమున మా బోర్డింగులో క్రొత్తగా చేరిన బాలు డొకడు రెండు దినములు అన్నము ముట్టలేదు. జ్వరము లేదు. మా వంటవాడు చూచి, "బెంగ పెట్టుకొన్నాడండీ" అని, వెంటనే "ఎవరిమీదరా నాయనా?" అని వాని నడిగెను. మూడవనాడు జవాబు వచ్చినది: ఇంటివద్ద విడిచివచ్చిన దూడమీద. తండ్రి ఫోనులో దూడ అరుపు వినిపించిన పిమ్మట బాలుడు భోజనమునకు లేచెను.

తెలుగున బెంగ యను మాటకు "మీద" యనునది తోడుండును. వైద్యులు చెప్పు "డిప్రెషన్" అట్టిది కాదు. నిద్ర, ఆకలి, ఉత్సాహము మొదలగునవి రెండు వారములు చెడియున్నవా యని చూచి యిచ్చు పేరది. దుఃఖము దేనిమీదనో ఆ పేరు చెప్పదు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలెను. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. తాత నాటిన చెట్లు పోయిన రైతు నిద్రలేక కూర్చుండినచో, దోషమును అతని మెదడునందే వెదకుట న్యాయమా? అతనికి మొక్కలు కావలెను, అప్పునకు గడువు కావలెను, సాయంకాలము అరుగుమీద ప్రక్కన కూర్చుండు మనిషి కావలెను.

ఆ అరుగువంటి దానినే జింబాబ్వే దేశపు డాక్టరు డిక్సన్ చిబాండా 2006లో హరారే నగరమున ఏర్పరచెను. వైద్యశాలల ఆవరణలో బల్లలు వేయించి, శిక్షణ పొందిన అవ్వలను కూర్చుండబెట్టెను. వారు వాడు షోనా మాట "కుఫుంగిసిస". అతిగా ఆలోచించుట యని అర్థము. 573 మందితో జరిగి 2016లో ప్రచురితమైన పరిశోధనలో, ఆరు నెలలకు బల్లమీద మాటలాడినవారి బాధ తక్కినవారి బాధకంటె తక్కువగా నుండెను.

మందులు వ్యర్థమని మేము చెప్పుటలేదు. లేని మాటలు వినబడువానికిని, ప్రాణము తీసికొన తలచువానికిని అరుగు చాలదు. విశాఖపట్టణమున ప్రభుత్వ మానసిక వైద్యశాల గలదు. 2022లో ప్రారంభమైన టెలీమానస్ వారు 14416 అను నంబరున తెలుగులోనే ఉచితముగా మాటలాడుదురు. అయితే వైద్యశాలకు వెళ్లివచ్చినవానిని ఆజన్మాంతము "పిచ్చివా" డనుట మన యూళ్ల అలవాటు. పూర్వము చికిత్స పొందినంతమాత్రమున ఒకని నిప్పుడు రోగి యని నిర్ణయింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది.