777 జోలికి పోకు, అమ్మడూ



నీ మెసేజ్ చూశాను. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి కదిలే బోట్ల వేళలు చూపించే ప్రాజెక్టన్నావు. నువ్వు తయారుచేసిన ఫైలు నీ ఫ్రెండు తెరవగలుగుతోంది గానీ సేవ్ చెయ్యలేకపోతోంది. ఎవరో సీహెచ్‌మాడ్ 777 కొట్టమంటే కొట్టేశారు, పని అయిపోయింది. అవుతుంది మరి! ఆ ఫోల్డర్లోకి రాగలిగిన ప్రతివాళ్లూ ఇప్పుడు ఆ ఫైలును మార్చెయ్యగలరు. పోనీ సమస్య తీరిందా అంటే, రేపు ఇంకో ఫైలు తయారుచేస్తే మళ్లీ ఇదే తంటా. సీహెచ్‌మాడ్ ఉన్న ఫైలును మారుస్తుంది. ఇకమీదట పుట్టబోయే ఫైళ్ల సంగతి చూసేది యూమాస్క్. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ యునిక్స్ నాటి నుంచీ ఉన్నదే.

టెర్మినల్లో ఉత్త యూమాస్క్ అని కొట్టి చూడు. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి 0022 వస్తుందనుకుంటాను. మొదటి సున్నాను ప్రస్తుతానికి వదిలెయ్. మిగిలిన మూడంకెలు వరసగా యజమానికి, గ్రూపుకు, బయటివాళ్లకు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, ఇది నీకు తెలిసిందే. తిరకాసేమిటంటే, సీహెచ్‌మాడ్‌లో అంకె ఇచ్చే హక్కును చెబుతుంది, యూమాస్క్‌లో తీసేసే హక్కును చెబుతుంది. నీ ఫ్రెండుకు సేవ్ కాకుండా అడ్డుపడింది ఆ నడిమి 2.

మామూలుగా ప్రోగ్రాములు కొత్త ఫైలుకు 666 అడుగుతాయి, డైరెక్టరీకి 777. అందులోంచి యూమాస్క్ కొంత ఆపేస్తుంది. అది జల్లెడ, ఆపగలదు గానీ పిండిని పుట్టించలేదు. అందుకే యూమాస్క్ 000 పెట్టినా కొత్త స్క్రిప్టు దానంతటది నడవదు. అడగని 1 ఎక్కణ్ణుంచి వస్తుంది?

666లోంచి యూమాస్క్ తీసివేస్తే సరి అని నోట్సుల్లో రాసుకుంటారు పిల్లలు. 022కు ఆ లెక్క కుదురుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. యూమాస్క్ 033 పెట్టి, టచ్‌తో ఒక ఫైలు చేసి, ఎల్ఎస్ -ఎల్ కొట్టు. తీసివేత ప్రకారం 633 రావాలి, వచ్చేది 644. 3 అంటే 2, 1. 6 అంటే 4, 2. రెండింట్లోనూ ఉన్న 2 పోయింది, 1 అసలు లేనే లేదు, మిగిలింది 4. ఈ ఒక్కటీ చేత్తో చేసి చూస్తే ఇక మర్చిపోవు.

ఇప్పుడు మీ ప్రాజెక్టు. ఉమ్మడి ఫోల్డరును ప్రాజెక్టు గ్రూపు పేరు మీదికి మార్చి, సీహెచ్‌మాడ్ జీ+ఎస్ పెట్టండి. దాంతో అందులో పుట్టే ప్రతి ఫైలూ ఆ గ్రూపుదే అవుతుంది. అక్కడ పనిచేసేటప్పుడు ఇద్దరూ యూమాస్క్ 007 వాడండి. ఫైళ్లు 660, డైరెక్టరీలు 770 అవుతాయి. జీ+ఎస్ లేకుండా 007 ఒక్కటే పెట్టావో, కొంప మునుగుతుంది. ఐడీ అని కొట్టి నీ ప్రధాన గ్రూపు చూసుకో. కాలేజీ పిల్లలందరికీ కలిపి ఒకే గ్రూపు ఉన్న యంత్రమైతే, మిగతాచోట్ల నువ్వు చేసే ఫైళ్లలో క్లాసంతా రాసెయ్యగలదు. అందుకని 007ను ఆ పని వరకే ఉంచు. కుండలీకరణాల్లో యూమాస్క్ 007, సెమీకోలన్, ఆ తర్వాత నీ కమాండు రాస్తే, పని కాగానే పాత విలువే ఉంటుంది.

నీ సొంతానికి మాత్రం 077. ఇది మావయ్య చాదస్తం అనుకోకు. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించేదాకా మన దీవులకు శాటిలైటే దిక్కు. అంత నెమ్మది లైను మీద దూరం నుంచి లాగిన్ అయ్యే ఓపిక ఎవరికుండేది? ఇప్పుడు సుమారు 2,300 కిలోమీటర్ల ఆ కేబుల్ పోర్ట్‌బ్లెయిర్‌కే కాదు, రంగత్, కార్ నికోబార్‌లకూ చేరింది. (2024లో ఊరి పేరు శ్రీ విజయపురమైంది గానీ నా నోటికి ఇంకా పోర్ట్‌బ్లెయిరే.) నీ యంత్రంలో నీతోపాటు లాగిన్ అయి ఉన్నవాడు పక్క బెంచీలో ఉన్నాడో వైజాగ్‌లో ఉన్నాడో నీకు తెలియదు.

టెర్మినల్లో కొట్టిన యూమాస్క్ ఆ షెల్‌కూ, దాన్నుంచి పుట్టే ప్రోగ్రాములకే. మూసేస్తే పోతుంది. ఎప్పటికీ ఉండాలంటే హోమ్ డైరెక్టరీలోని డాట్ ప్రొఫైల్‌లోనో డాట్ బాష్ఆర్సీలోనో రాయాలి. రాత్రిపూట క్రాన్ నడిపే స్క్రిప్టు వాటిని చదువుతుందన్న నమ్మకం పెట్టుకోకు. స్క్రిప్టు మొదట్లోనే యూమాస్క్ రాసెయ్.

వైజాగ్ ఓడలో మీ అన్నయ్యకు పంపే పెన్‌డ్రైవ్ సంగతి వేరు. ఫ్యాట్ ఫార్మాట్ అనుమతులను దాచుకోదు. అక్కడ కాపీ చేసుకున్నాక ఎల్ఎస్ -ఎల్ కొట్టి చూసుకోమని చెప్పు.

ఇది చదవగానే, ఆ 777 ఫైలును ప్రాజెక్టు గ్రూపుకు మార్చి 660 చెయ్యి. మిగతావి తీరిగ్గా చూసుకోవచ్చు, అది మాత్రం ఈ రాత్రే.

మీ మావయ్య