పెళ్లి లెక్క

అంజమ్మది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. భర్త చనిపోయాడు. కూలి చేసి బిడ్డను పెంచింది. బిడ్డకు 20 ఏళ్లు నిండాయి. మంచి సంబంధం వచ్చింది. పిల్లవాడికి 23 ఏళ్లు. ఇద్దరికీ ఇష్టమే.

అంజమ్మ దగ్గర 80,000 రూపాయలు ఉన్నాయి. పొదుపు సంఘంలో దాచింది కొంత. మేకలు అమ్మగా వచ్చింది కొంత.

ఒకనాడు మరిది వచ్చాడు.

"వదినా, ఒక్కతే బిడ్డ. ఫంక్షన్ హాలు మాట్లాడుదాం. 600 మందిని పిలుద్దాం. పిల్లవాడు బండి అడుగుతున్నాడు. ఇంకో రెండు లక్షలు అప్పు తెద్దాం. లేకపోతే నలుగురిలో పరువు పోతుంది" అన్నాడు.

అంజమ్మకు తన పెళ్లి గుర్తుకొచ్చింది. అప్పుడు తండ్రి అప్పు చేశాడు. తీర్చలేక ఎకరం చెలక అమ్మాడు. తర్వాత అదే చెలకలోకి కూలికి పోయాడు.

ఆ రాత్రి అంజమ్మ నోటుబుక్కు తీసింది. మెల్లగా రాసింది.

అప్పు: 2,00,000
వడ్డీ: నెలకు నూటికి 2 రూపాయలు
నెల వడ్డీ: 4,000
ఏడాది వడ్డీ: 48,000

అంజమ్మ కూలి రోజుకు 400 రూపాయలు. 4,000 అంటే పది రోజుల కూలి. నెలలో పది రోజులు వడ్డీకే పనిచేయాలి. అసలు మాత్రం అట్లనే ఉంటుంది!

తెల్లవారి మరిదికి చదివి వినిపించింది.

"కల్యాణలక్ష్మి డబ్బు వస్తుంది కదా వదినా?" అన్నాడు మరిది.

"అది ఎప్పుడొస్తుందో! వడ్డీ మాత్రం నెల నెలా వస్తుంది" అంది అంజమ్మ.

బిడ్డను అడిగింది. "చీర ఒక్కటి మంచిది కొను అమ్మా. మిగతావి ఎట్లయినా సరే" అంది బిడ్డ. ఇద్దరూ కూర్చొని ఖర్చు రాశారు.

బట్టలు: 15,000
పుస్తెమట్టెలు (పాత కమ్మలు కరిగించి): 10,000
పందిరి, కుర్చీలు, వంటపాత్రల అద్దె: 12,000
200 మందికి భోజనం: 26,000
పూలు, పూజ సామాను, అయ్యగారి సంభావన: 7,000
మేళం: 5,000
అనుకోని ఖర్చు: 5,000
మొత్తం: 80,000

అంజమ్మ ఆ పుస్తకం పట్టుకొని వియ్యపురాలి ఇంటికి పోయింది. లెక్క చదివింది. "వదినా, నా దగ్గర ఉన్నది ఇదే. బండి ఇయ్యలేను" అంది.

వియ్యపురాలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మా పెద్దదాని పెళ్లి అప్పు మాకు ఇంకా తీరలేదు వదినా. నా కొడుకుకు నేను చెబుతాను."

ఇంటి ముందే పందిరి వేశారు. పప్పు, కూర, సాంబారు, పెరుగు, ఒక స్వీటు పెట్టారు. పిలవలేదని కొందరు చుట్టాలు అలిగారు. కొందరు ఆ అలక మరచిపోయారు కూడా.

పెళ్లి నమోదు చేసేటప్పుడు అంజమ్మ సాక్షిగా సంతకం పెట్టింది. వేలిముద్ర వేయలేదు. మర్నాడు మళ్లీ పనికి పోయింది. ఆ కూలి అంతా ఆమెదే.

తెలుసుకోండి

• అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి.
• 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడం నేరం. ఇవ్వడం కూడా నేరమే.
• 2002 చట్టం ప్రకారం పెళ్లి నమోదు చేయించాలి. ధ్రువపత్రం భద్రంగా దాచుకోవాలి.
• తెలంగాణలో కల్యాణలక్ష్మి పథకం 2014లో మొదలైంది. అర్హులైన పేద కుటుంబాలకు ఇచ్చే సాయాన్ని 2018లో 1,00,116 రూపాయలకు పెంచారు. ఆ డబ్బు చాలాసార్లు పెళ్లి అయిన తర్వాతే చేతికి వస్తుంది. దాన్ని నమ్ముకొని అప్పు చేయకండి.

లెక్క చేయండి

50,000 రూపాయలు అప్పు తెచ్చారు. రెండు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీ ఎంత? ఏడాదికి ఎంత? అది మీకు ఎన్ని రోజుల కూలి?

రాయండి

మీ ఇంట్లో జరిగిన ఒక పెళ్లి ఖర్చులు రాయండి. ఏది లేకపోయినా పెళ్లి ఆగదో, దాని కింద గీత గీయండి.

మాట్లాడుకోండి

పరువు అంటే ఏమిటి? అప్పులవాళ్లు వాకిట్లో నిలబడినప్పుడు ఆ పరువు ఉంటుందా?