వర్డ్ ఫైలును వెబ్ పేజీగా మార్చడం ఎలా? – తమ్ముళ్ళకు ఒక పాఠం



వార్షికోత్సవం వచ్చిందంటే మన హాస్టల్‌లో సంచిక అచ్చవుతుంది. అందరం ఒక్కో కాపీ తీసుకుంటాం, ట్రంకు పెట్టెలో అడుగున దాచుకుంటాం. నాలుగేళ్ళు తిరిగేసరికి చెదలో, వాననీరో దాని పని పడుతుంది. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకు నీళ్ళ సంగతి మేము చెప్పనక్కర్లేదు. అందుకని ఈసారి పూర్వ విద్యార్థులుగా మమ్మల్ని ఏదైనా రాయమన్నప్పుడు, చేతులు కాల్చుకుని నేర్చుకున్న ఒక పనిని పాఠంగా రాద్దామనుకున్నాము. మాలో ఎవరమూ కంప్యూటర్ ఇంజనీరింగ్ చదవలేదు. ఒకరం స్కూలు టీచరు, ఒకరం ఆర్టీసీ కండక్టరు, ఒకరికి పటమటలో జిరాక్సు షాపు ఉంది. మాకు వచ్చిందంటే మీకు రాకపోదు.

అసలు ఈ పని మా నెత్తిన ఎలా పడిందో ముందు చెప్పాలి. 2004 సంచికలో మా బ్యాచ్ మిత్రుడొకడు దివిసీమ ఉప్పెన గురించి రాశాడు. 1977 నవంబరు 19 రాత్రి వాళ్ళ తాతయ్య తాడిచెట్టును కావలించుకుని ఎలా బతికాడో, తెల్లవారాక ఏం చూశాడో ఆయన చెప్పింది చెప్పినట్టు నాలుగు పేజీలు రాశాడు. ఆ తాతయ్య ఇప్పుడు లేరు. మా మిత్రుడూ లేడు. కొన్నేళ్ళ క్రితం అతని చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, అన్న రాసిన ఆ పుస్తకం మీ దగ్గరేమైనా ఉందా? పిల్లలకు చదివి వినిపిద్దామని" అని అడిగింది. పది మందికి ఫోన్లు చేశాము. పుస్తకం ఎవరి దగ్గరా లేదు. ఆఖరికి ఒకరి ఇంట్లో అటక మీద సీడీ దొరికింది. గవర్నరుపేటలో డీటీపీ చేయించినప్పుడు ఇచ్చిన సీడీ అది. అందులో వ్యాసాలన్నీ వర్డ్ ఫైళ్ళుగా ఉన్నాయి.

సంతోషంగా తెరిచాము. తెలుగు ఒక్క ముక్క లేదు! ఇంగ్లీషు అక్షరాల నెత్తిన గీతలు, చుక్కలు, మధ్యమధ్య డబ్బు గుర్తులు. ఫైలు పాడైందనుకుని ఆ పూట నీరుగారిపోయాము. కానీ ఫైలు పాడవలేదు. ఇక్కడే మొదటి పాఠం ఉంది, కాస్త నెమ్మదిగా చదవండి.

ఆ రోజుల్లో డీటీపీ షాపుల్లో తెలుగు ఎక్కువగా అను ఫాంట్లతో కొట్టేవారు. ఆ ఫాంట్లలో తెలుగుకంటూ సొంత స్థానం లేదు. పాత ప్రెస్సుల్లో సీసపు అక్షరాలు ఉంచే అరల పెట్టె ఉండేది. ఏ అరలో ఏ అక్షరం ఉందో కంపోజిటరు చేతికి తెలుసు. ఇంగ్లీషు పెట్టెలోని అక్షరాలు తీసేసి, అవే అరల్లో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులు ముక్కలు ముక్కలుగా పెడితే ఎలా ఉంటుందో అను ఫాంటు పద్ధతి అలా ఉంటుంది. ఫైలులో ఉండేది అర నంబరు మాత్రమే. మీ కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే అది అదే అరలోని ఇంగ్లీషు అక్షరాన్ని తీసి చూపిస్తుంది. అప్పట్లో ఒక్కో దినపత్రిక సైటు చదవడానికి ఒక్కో ఫాంటు దించుకోవలసి వచ్చింది కూడా ఇందుకే.

యూనికోడ్ వచ్చాక ఈ బాధ తీరింది. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా చెల్లే సొంత నంబరు ఉంది. 'అ' కు 3077, 'క' కు 3093. ఇంకే లిపీ ఆ నంబర్లను వాడుకోదు. 'రాష్ట్రం' అని రాస్తే ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న అని ఎనిమిది నంబర్లు వరుసగా దాచుకుంటుంది. ఒత్తును ఎక్కడ ఎలా గీయాలన్నది ఫాంటు చూసుకుంటుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ లో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉండేది. అయినా ప్రెస్సుల వాళ్ళు చాలాకాలం అను వదల్లేదు. వాళ్ళను తప్పు పట్టలేము, పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు పని చేయదు మరి.

కనుక మొదటి పని, అను అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చడం. ఇందుకు ఇంటర్నెట్‌లో కన్వర్టర్లు ఉన్నాయి. ఒక పెట్టెలో పాత పాఠం అతికిస్తే రెండో పెట్టెలో తెలుగు వస్తుంది. మొదటిసారి 'ఉప్పెన' అనే మాట తెర మీద కనబడినప్పుడు మేము కేక పెట్టాము, షాపులో జిరాక్సుకు వచ్చినవాళ్ళు తిరిగి చూశారు. అయితే ఒక జాగ్రత్త. కన్వర్టరుకు ఏది తెలుగో ఏది ఇంగ్లీషో తెలియదు, అంతా అనుయే అనుకుంటుంది. వ్యాసంలో ఇంగ్లీషు మాటలుంటే అవి అర్థంలేని తెలుగుగా మారిపోతాయి. వాటిని ముందే గుర్తుపెట్టుకుని, తర్వాత చేత్తో దిద్దాలి.

రెండో పని, మారిన తెలుగును కొత్త వర్డ్ ఫైలులో అతికించి, గౌతమి గానీ నిర్మల గానీ ఫాంటు పెట్టడం. శీర్షికను ఊరికే పెద్దది చేసి బోల్డ్ కొట్టకండి. స్టైల్స్‌లో 'హెడింగ్ 1' ఎంచండి. అప్పుడే వెబ్ పేజీకి అది శీర్షిక అని తెలుస్తుంది. తర్వాత 'సేవ్ యాజ్' లోకి వెళ్ళి, రకం దగ్గర 'వెబ్ పేజ్, ఫిల్టర్డ్' ఎంచాలి. ఉత్త 'వెబ్ పేజ్' అని కూడా ఒకటుంటుంది, దాని జోలికి పోకండి. ఆ ఫైలును మళ్ళీ వర్డ్‌లో తెరవడానికి కావలసిన సామానంతా అందులో కుక్కేస్తుంది. అదే కిటికీలో టూల్స్, వెబ్ ఆప్షన్స్, ఎన్‌కోడింగ్ అని వెళ్ళి 'యూటీఎఫ్-8' పెట్టడం మరవొద్దు.

వర్డ్ లేనివాళ్ళు దిగులుపడనక్కర్లేదు. గూగుల్ డాక్స్‌లో డౌన్‌లోడ్ దగ్గర వెబ్ పేజీ అని ఉంటుంది, లిబ్రే ఆఫీస్ ఉచితంగానే దొరుకుతుంది.

ఇక తెలుగు సరిగా కనబడకపోతే రోగం ఏమిటో చూసి మందు వేయాలి. తెర మీద ఖాళీ డబ్బాలు కనబడితే మీ అక్షరాలు క్షేమం, ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదంతే. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తు పదే పదే కనబడితే అప్పుడూ క్షేమమే. యూటీఎఫ్-8 లో ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు తీసుకుంటుంది. బ్రౌజరు ఆ మూడింటినీ మూడు వేరు అక్షరాలుగా చదువుతోందన్నమాట. పేజీ తల భాగంలో 'క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8' అనే లైను చేరిస్తే దారికొస్తుంది. కానీ వరుసగా ప్రశ్నార్థకాలు కనబడ్డాయా, ఆశ వదులుకోవలసిందే. అక్కడ అక్షరం పోయి నిజంగానే ప్రశ్నార్థకం కూర్చుంది.

మాకు ఈ మూడోదే జరిగింది. మార్చిన పాఠాన్ని నోట్‌ప్యాడ్‌లో పెట్టి సేవ్ కొట్టాము. అది ఏదో హెచ్చరిక చూపింది. చదవకుండా ఓకే కొట్టాము. పాత నోట్‌ప్యాడ్ అడగకపోతే 'ఆన్సీ' పద్ధతిలో దాచేది, అందులో తెలుగుకు చోటు లేదు. (2019 తర్వాతి విండోస్ 10లో ఇది మారింది.) మర్నాడు తెరిస్తే నాలుగు పేజీల ప్రశ్నార్థకాలు. సీడీలో అసలు ఫైలు ఉంది కాబట్టి బతికిపోయాము. ఏ పని చేసినా అసలు ఫైలును ముట్టకండి, నకలు మీదే చేయండి.

ఇంకో రెండు చిన్న సంగతులు. స్పేస్ బార్ నొక్కి నొక్కి వరుసలు కుదిర్చిన పట్టికలు వెబ్ పేజీలో కుప్పకూలుతాయి, ఎన్ని ఖాళీలున్నా బ్రౌజరు ఒకటే లెక్కపెడుతుంది. మెస్ మెనూ అయినా, టెన్త్ మార్కులైనా వర్డ్‌లోనే టేబుల్ పెట్టి రాయండి. అలాగే పేజీ సేవ్ చేసినప్పుడు ఫొటోలు పక్కన ఒక ఫోల్డరులోకి వెళ్తాయి. పేజీని మాత్రమే పెన్ డ్రైవ్‌లో వేసుకెళ్తే ఫొటోలు ఇంటి దగ్గరే ఉండిపోతాయి.

చివరి పని అచ్చుతప్పులు దిద్దడం. పుస్తకం లేదు గనుక పోల్చుకునే వీలు లేదు. చెల్లెమ్మకు ఫోన్ చేసి లైను లైనూ చదివి వినిపించాము. మేమంతా నందిగామ, తిరువూరు వైపు వాళ్ళం. సముద్రం పక్క ఊళ్ళ పేర్లు మాకు తెలియవు. ఒకచోట "సార్లగొంది" అని చదివితే, "సార్లగొంది కాదన్నయ్యా, సొర్లగొంది" అని ఆపింది. కన్వర్టరు ఆ ఒక్క గుర్తును తప్పు తీసుకుంది. తాడిచెట్టు దగ్గరకొచ్చేసరికి ఆమె మాట్లాడలేదు. మేము కాసేపు ఆగి మళ్ళీ చదివాము. మొత్తం పదిహేడు తప్పులు దొరికాయి.

పేజీని మొదట ఉచితంగా స్థలమిచ్చే ఒక సైటులో పెట్టాము. ఆ సైటు మూతపడింది, పేజీ పోయింది. మా దగ్గర ఫైలు ఉంది కాబట్టి ఇంకోచోట పెట్టాము. ఈసారి చెల్లెమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. పిల్లలు సెల్‌ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయట. పేజీ తల భాగంలో 'వ్యూపోర్ట్' అనే లైను ఒకటి చేర్చి, పేజీ వెడల్పు ఫోను తెర వెడల్పు అంతే ఉండాలని చెప్పాము. ఇప్పుడు చదువుకుంటున్నారు.

2004 సంచికలో మిగతా వ్యాసాలు కూడా మార్చడం మొదలుపెట్టాము. 2005, 2007 సంచికల సీడీలు మాత్రం మా దగ్గర లేవు. పూర్వ విద్యార్థుల్లో ఎవరి అటక మీదైనా ఉంటే దయచేసి వార్డెన్ గారికి అందజేయండి. గీతలు పడిన సీడీలైనా పరవాలేదు.