చెయ్యి ఆపడం నేర్పే విద్య



శనివారం ఉదయం తెల్లని కరాటే దుస్తులు వేసిన పిల్లవాణ్ణి కారులో దింపి, హాలు వెనుక కుర్చీలో కూర్చుని ఫోను చూసుకునే తల్లిదండ్రులు మన సహవాసంలో చాలామంది ఉన్నారు. నేనూ వారిలో ఒకణ్ణి. "విశ్వాసుల పిల్లలు కొట్లాట నేర్చుకోవచ్చా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. "ఆ వంగి పెట్టే దండాలేమిటి?" అని ఇంకొందరు అడుగుతారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. కరాటే నిజంగా ఏమి నేర్పుతుందో, అది మన ఇంటికి ఎలా పనికొస్తుందో ఈ పాఠంలో చూద్దాం.

1. బడిపంతుళ్లు పెంచిన విద్య

కరాటే పుట్టిల్లు ఒకినావా. ఇప్పుడు అది జపానులో భాగం, ఒకప్పుడు ర్యూక్యూ అనే వేరే రాజ్యం. చైనాతో వర్తకం చేసిన ఆ ద్వీపవాసులు అక్కడి యుద్ధ విద్యలను తమ పద్ధతులతో కలుపుకున్నారు. చాలాకాలం ఈ విద్యను గురువులు రహస్యంగా కొద్దిమందికే నేర్పేవారు. ఇతోసు అంకో అనే గురువు 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో దీన్ని ఒకినావా బడులలోకి తెచ్చాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో ఫునకోషి గిచిన్ (1868–1957) ఒకడు. ఆయన వృత్తి బడిపంతులు.

'కరాటే' అనే మాటను మొదట 'చైనా చెయ్యి' అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. తరువాత అదే ఉచ్చారణ ఉన్న వేరే అక్షరం తీసుకుని 'వట్టి చెయ్యి' అని రాశారు. ఆయుధం లేని చెయ్యి అన్నది పైకి కనిపించే అర్థం. స్వార్థం, చెడు ఉద్దేశం లేకుండా ఖాళీ అయిన మనసు అని కూడా ఫునకోషి దాన్ని వివరించాడు. బడిపంతులు కాబట్టి పిల్లవాడి పిడికిలి కంటే పిల్లవాడి నడత ఆయనకు ముఖ్యం.

2. ఓర్పు: చేసిందే మళ్లీ చేయడం

కరాటే సాధనలో మూడు భాగాలు ఉంటాయి. నిలబడడం, గుద్దడం, అడ్డుకోవడం వంటి మూల కదలికలు కిహోన్. వాటిని ఒక వరుసలో కూర్చి ఒంటరిగా చేసేది కటా. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసేది కుమితే.

చూసేవారికి విసుగు పుట్టించేవి మొదటి రెండే. అదే అడుగు, అదే గుద్దు, వారం తరువాత వారం. కానీ ఫునకోషి తన చిన్ననాటి నుండి ఇలాగే నేర్చుకున్నాడు. టెక్కీ అనే మూడు కటాలు నేర్చుకోవడానికి తనకు పదేళ్లు పట్టిందని ఆయన రాశాడు.

నల్ల బెల్టు అంటే చదువు పూర్తయిందని మనం అనుకుంటాం. ఆ బెల్టు పద్ధతి జూడో స్థాపకుడు కానో జిగోరో నుండి వచ్చింది. 1924లో ఫునకోషి తన శిష్యులకు మొదటి నల్ల బెల్టులు ఇచ్చాడు. నల్ల బెల్టులో తొలి మెట్టు పేరు 'షోదాన్'. దాని అర్థం 'మొదటి మెట్టు'. అన్నేళ్లు కష్టపడితే అప్పుడు మొదలుపెట్టడానికి అర్హత వస్తుందన్నమాట. బాప్తిస్మము పొందిన రోజే అంతా అయిపోయిందనుకునే మనకు ఇందులో ఒక బుద్ధి ఉంది.

3. నిగ్రహం: ఆగిన పిడికిలి

కుమితేని ఒకసారి దగ్గరగా చూడండి. కొన్ని శైలులలో ఒంటికి గట్టిగా తగిలేలా కొడతారు. కానీ షోటోకాన్ వంటి శైలులలో మొదటి పాఠం వేరు. కొట్టేవాడు ఎక్కడ కొడతాడో ముందే చెప్పి అడుగు వేస్తాడు. ఎదుటివాడు అడ్డుకుని తిరిగి గుద్దుతాడు. ఆ గుద్దు పూర్తి బలంతో వెళ్లి, ఒంటికి అంగుళం దూరంలో ఆగాలి.

బలం లేనివాడి చెయ్యి ఆగితే అందులో గొప్పేమీ లేదు. పూర్తి బలంతో బయలుదేరిన చెయ్యిని ఆపాలంటే నడుము, కాలు, ఊపిరి, కన్ను అన్నీ అదుపులో ఉండాలి. గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో ఆత్మఫలము జాబితా చివర ఆశానిగ్రహము ఉంటుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఇప్పుడు ఆ ఆగిన పిడికిలి గుర్తొస్తుంది. సామెతలు 16:32 కూడా తెరిచి ఇంట్లో అందరూ కలిసి చదవండి.

4. నా చెయ్యి ఆగింది, నోరు ఆగలేదు

ఒక శనివారం మా అబ్బాయి బెల్టు పరీక్ష తప్పాడు. కటా మధ్యలో తప్పు దిక్కుకు తిరిగాడు. సెన్సేయి ఏదో చెప్పారు. వాడు వంగి నమస్కారం చేసి వచ్చాడు. కారు ఎక్కగానే నేను మొదలుపెట్టాను. కట్టిన డబ్బు, రాత్రి డ్యూటీ చేసి నిద్రలేకుండా వచ్చిన నా కష్టం, పక్కింటి పిల్లవాడి బెల్టు, అన్నీ వాడి మీద గుమ్మరించాను. ఇల్లు చేరేవరకు వాడు మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, "మళ్లీ చేయమన్నారు నాన్నా, అంతే" అన్నాడు.

ఆ సాయంత్రం వాడి దగ్గర కూర్చుని క్షమించమని అడిగాను. డోజోలో నిలబడి నేర్చుకున్నది వాడు. కుర్చీలో కూర్చుని ఏమీ నేర్చుకోనిది నేను. మనలో చాలామందికి చెయ్యి ఎత్తే అలవాటు ఉండకపోవచ్చు. కానీ మాట కూడా దెబ్బే. అంగుళం దూరంలో ఆగవలసినది అదే.

5. పట్టుదల: పరాయి ఊరిలో గదులు ఊడ్చిన గురువు

1922లో కరాటేను ప్రదర్శించడానికి ఫునకోషి టోక్యోకు వెళ్లాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. నేర్పమని అడిగినవారి కోసం అక్కడే ఉండిపోయాడు. భార్య ఒకినావాలోనే ఉంది. ఒకినావా విద్యార్థుల వసతి గృహంలో ఉంటూ, గదులు ఊడ్చి, తోట పని చేసి, సాయంత్రాలు పాఠం చెప్పేవాడు. కుటుంబాన్ని ఊళ్లో వదిలి గల్ఫ్‌లో పనిచేసే మన సహోదరులకు ఈ బ్రతుకు వివరించనవసరం లేదు.

1945లో బాంబు దాడులలో ఆయన డోజో కాలిపోయింది. అదే సంవత్సరం, ఆ విద్యలో ఆయనకు కుడిభుజంగా ఉన్న కుమారుడు చనిపోయాడు. డెబ్బై దాటిన వయసులోనూ ఆయన శిష్యులకు నేర్పడం మానలేదు. రోజూ చేసిన చిన్న సాధన కష్టకాలంలో మనిషిని నిలబెడుతుంది.

6. వంగడం గురించి

డోజోలో నమస్కారాన్ని 'రే' అంటారు. జపానులో అది మనుషుల మధ్య మర్యాద. దుకాణంలోనూ బడిలోనూ అలాగే వంగుతారు. ఆదికాండము 23లో అబ్రాహాము పొలం కొనేటప్పుడు హేతు కుమారుల ఎదుట వంగాడు. అది మర్యాద. దానియేలు 3లో ముగ్గురు యౌవనులు ప్రతిమ ఎదుట వంగలేదు. అది ఆరాధన. కొన్ని డోజోలలో గోడమీద షింటో పూజా పీఠం ఉంటుంది. అలాంటిది కనిపిస్తే పిల్లవాణ్ణి చేర్చకముందే సెన్సేయిని మర్యాదగా అడగండి, మీ మనస్సాక్షి చెప్పండి. అడగకుండా అనుమానపడడం కంటే అది మేలు.

ఈ వారం సాధన

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయం చివర పరుగు పందెము, ముష్టియుద్ధము గురించి మాట్లాడతాడు. కొరింథుకు దగ్గరలోనే రెండేళ్లకొకసారి ఇస్త్మియా ఆటలు జరిగేవి గనుక ఆ మాట వారికి సులభంగా అర్థమై ఉంటుంది. ఆ భాగం చదివి, ఇంట్లో ఈ మూడు ప్రశ్నలు మాట్లాడుకోండి:

1. విసుగు వచ్చిందని నేను మధ్యలో మానేసిన మంచి అలవాటు ఏది?
2. నా కోపం ఎక్కువగా ఎవరిమీద ఆగకుండా పడుతుంది?
3. ఈ వారం ఎవరిని క్షమాపణ అడగాలి?

కోపం వచ్చినప్పుడు ఒక్క ఊపిరి పీల్చి వదిలి, ఆ తరువాతే మాట్లాడండి. మొదటి రోజు కుదరదు. రెండో రోజూ కుదరకపోవచ్చు. మా అబ్బాయి చెప్పినట్టు, మళ్లీ చేయాలి, అంతే.

ప్రభువు మీ ఇంటికి సమాధానము అనుగ్రహించును గాక.