మొదటి టెలిస్కోపు కొనేముందు: పెట్టె మీది 675 కాదు, అద్దం వ్యాసం చూడాలి

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. స్లాగ్ పారబోసే వేళ అక్కడి ఆకాశం నారింజ రంగుకు తిరుగుతుంది. దానికి వీధిదీపాలు, ధూళి తోడు. అందుకని సెక్టార్ల క్వార్టర్ల డాబా మీంచి నెబ్యులాలు, గెలాక్సీలు బాగా కనిపిస్తాయని ఆశపడకూడదు. చంద్రుడి గుంతలు, గురుడి ఉపగ్రహాలు, శని వలయాలు మాత్రం ఈ వెలుగుకు లొంగవు. మొదటి టెలిస్కోపును వీటి కోసమే ఎంచుకోవాలి.

తక్కువ ధర టెలిస్కోపుల పెట్టెల మీద ‘675 రెట్లు’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె ఎలా వస్తుంది? వస్తుకటకం నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 900 మిల్లీమీటర్లను 4తో భాగిస్తే 225. దానికి మూడు రెట్ల బార్లో కటకం తగిలిస్తే 675. లెక్క సరైనదే, బొమ్మే ఉండదు! వస్తుకటకం వ్యాసంలో ప్రతి మిల్లీమీటరుకు రెండు రెట్లకు మించి పెంచితే మసక తప్ప కొత్త వివరం రాదు. 60 మిల్లీమీటర్ల కటకానికి హద్దు 120. నెల జీతంలోంచి మిగిల్చి కొన్న వస్తువులో పిల్లవాడికి మొదటి రాత్రే మసక కనిపిస్తే, రెండో రాత్రి అది అటక ఎక్కుతుంది. గెలీలియో 1610లో గురుడి ఉపగ్రహాలను చూసింది సుమారు 20 రెట్లతోనే.

కాబట్టి అడగాల్సింది వ్యాసం. 114 మిల్లీమీటర్ల దర్పణం 60 మిల్లీమీటర్ల కటకం కంటే దాదాపు మూడున్నర రెట్ల కాంతిని పోగుచేస్తుంది. తర్వాత చూడాల్సింది స్టాండు; వణుకు కూడా బొమ్మతో పాటే పెద్దదవుతుంది. ధ్రువ నక్షత్రానికి సరిచూసి వాడే ఈక్వటోరియల్ స్టాండు కొత్తవారికి చిక్కు. భిలాయి నుంచి ధ్రువుడు 21 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, తరచూ ధూళిలో కలిసిపోతాడు. అమెరికాలో జాన్ డాబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన చెక్క పీఠం చవక, గట్టి కూడా. కొలతలిస్తే వడ్రంగి చేసిపెడతాడు.

ఐపీస్‌కు బిగించే ‘సన్ ఫిల్టర్’ పెట్టెలో ఉంటే వెంటనే పారేయాలి. కేంద్రీకృతమైన వేడికి అది పగిలితే కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూసే ఫిల్టర్ టెలిస్కోపు ముందు భాగానికే ఉండాలి.

డబ్బు ఇంకా తక్కువైతే 7x50 లేదా 10x50 బైనాక్యులర్ మేలు. శని వలయాలు అందులో విడిగా కనపడవు, నిజమే. కానీ భిలాయిలో స్థిరపడ్డ ఉత్తరాంధ్ర కుటుంబాలు సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు రైలు సంచీలో పట్టేది అదే. చంద్రుడు లేని రాత్రి పొలంగట్టున నిలబడి ఒరాయన్ వైపు తిప్పితే, క్వార్టర్ డాబా మీద దొరకని ఆ నెబ్యులా మసక మబ్బుతునకలా కనిపిస్తుంది. కాస్త పైన కృత్తికలు ఆరు కాదు, పదుల్లో ఉంటాయి.